కోడిగుడ్డు పెంకు, గుల్ల, కొబ్బరి చిప్ప: తోట బిళ్ళల్లో దేని పని ఏమిటి?

పెంకుల పొడి కలిపితే సిమెంటు సగం చాలు అనే మాట మిద్దెతోటల వాళ్ళ మధ్య, పెరటి మొక్కల వాళ్ళ మధ్య బాగా తిరుగుతోంది. అందులో నిజం పాలు చాలా తక్కువ. ఆ మాట పట్టుకుని సిమెంటు సగానికి తగ్గించి పోసిన బిళ్ళ కొత్తలో చూడ్డానికి బాగానే ఉంటుంది. వానలకు అంచులు నాని, పార తగిలిన చోటల్లా పొడి రాలడం మొదలయ్యాక గానీ తేడా తెలియదు. అలాగని పెంకులు పనికిరావని కాదు. కోడిగుడ్డు పెంకు, సముద్రపు గుల్ల, కొబ్బరి చిప్ప మూడూ తోటలో వాడే బిళ్ళలకు, అంటే టైల్స్‌కి పనికొస్తాయి. కాకపోతే ఒకటి మెత్తటి పొడిగా, ఒకటి రవ్వగా, ఒకటి తేలికపాటి కంకరగా వాడాలి. మూడింటినీ ఒకే గాటన కట్టి "షెల్ వేస్ట్" అనేయడంతోనే గందరగోళమంతా మొదలవుతోంది.

మన దగ్గర ఏవి దొరుకుతాయి

తిరుపతి ఊళ్ళో బేకరీలు, బిర్యానీ హోటళ్ళు, రాత్రిపూట నూడుల్స్ బండ్ల దగ్గర గుడ్డు పెంకులు కావలసినన్ని దొరుకుతాయి. కొండ మీద గుడ్డూ మాంసమూ నిషేధం కాబట్టి ఇదంతా కింద ఊరి సంగతే. ముందే చెప్పి ఒక మూత ఉన్న బకెట్ ఇచ్చి వస్తే చాలామంది పెంకులు విడిగా వేసి ఉంచుతారు. మిగతా చెత్తతో కలిసిపోయిన పెంకులు ఏరుకోవడం మాత్రం వృథా ప్రయాస. చిత్తూరు వైపు కోళ్ళ ఫారాలు, హేచరీలు ఎక్కువ కదా, అక్కడ బస్తాలకొద్దీ దొరుకుతాయి కదా అనిపిస్తుంది. హేచరీ పెంకుల జోలికి వెళ్ళకపోవడమే మంచిది. అందులో పొదగని గుడ్లు, పిల్లల అవశేషాలు కలిసి ఉంటాయి. ఇంట్లో శుభ్రం చేయగలిగిన సరుకు కాదది.

కొబ్బరి చిప్పలకు కరువు లేదు. కాణిపాకం, శ్రీకాళహస్తి లాంటి చోట్ల గుడి బయట కొట్టే టెంకాయలు, టిఫిన్ సెంటర్లలో రోజూ చట్నీకి వాడే టెంకాయలు చాలు.

ఇక గుల్లలు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు సూళ్ళూరుపేట, తడ ప్రాంతాలు ఇందులోకి వచ్చాయి. వాటితోపాటు పులికాట్ సరస్సు కూడా మన జిల్లా సరస్సు అయింది. ఒడ్డున గుల్లలు కనిపిస్తాయి కదా అని బస్తా పట్టుకుని బయల్దేరవద్దు. అది పక్షుల అభయారణ్యం. పైగా కొన్ని రకాల శంఖాలు, గవ్వలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. ఖాళీ గుల్లల్లోనూ చిన్న పీతల్లాంటి జీవులు కాపురముంటాయి. వంటకు వాడి మాంసం తీసేశాక పారేసేవి మాత్రమే మనకు వ్యర్థం కింద లెక్క. అవి దొరక్కపోతే కోళ్ళ దాణా కొట్లలో షెల్ గ్రిట్ అమ్ముతారు, గుడ్లు పెట్టే కోళ్ళకు మేతలో కలిపేది. చిరిగిన బస్తాల నుంచి కిందపడిన ఊడ్పు సరుకు అడిగితే ఇస్తారు. మంచి బస్తా కొంటే మాత్రం అది కొన్న ముడిసరుకే గానీ వ్యర్థం కాదు. పర్యావరణం పేరు చెప్పి అది కొనడంలో అర్థం లేదు.

పచ్చి పెంకు రాయి, కాల్చిన పెంకు సున్నం

గుడ్డు పెంకులో, సముద్రపు గుల్లలో దాదాపు 95 శాతం ఉండేది కాల్షియం కార్బనేట్. సున్నపురాయిలో ఉండేదీ అదే. ఎంత మెత్తగా నూరినా అది రాతిపొడే. నీళ్ళు కలిపితే ముద్దవుతుంది, ఎండితే మళ్ళీ పొడవుతుంది. రెండు రేణువుల్ని పట్టి ఉంచే గుణం దానికి లేదు.

అదే పెంకును సుమారు 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటల తరబడి కాలిస్తే కథ మారుతుంది. 100 కిలోల కార్బనేట్ నుంచి 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా గాల్లో కలిసి, 56 కిలోల పొడిసున్నం మిగులుతుంది. నీళ్ళు చల్లితే కుతకుతలాడుతూ వేడెక్కి తడిసున్నం అవుతుంది. అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మెల్లగా పీల్చుకుని తిరిగి రాయిలా బిగుస్తుంది. పాత మిద్దెల గోడలకు వాడిన గుల్ల సున్నం, అద్దంలా మెరిసే మద్రాసు చునాం ఈ పద్ధతిలోనివే. పెద్దవాళ్ళు "గుల్లతో ఇళ్ళే కట్టాం" అంటే ఈ కాల్చిన గుల్ల గురించే. ఆ మాటను పచ్చి పొడికి అంటగట్టడం వల్లే సిమెంటు సగం చాలనే నమ్మకం పుట్టింది.

మరి టైల్స్‌ని కూడా సున్నంతోనే పోయొచ్చు కదా? పోయొచ్చు, కానీ తోట నేల మీద అడుగు వేసే బిళ్ళకు అది సరిపడదు. సున్నం గట్టిపడాలంటే గాలి లోపలికి వెళ్ళాలి. గోడ పూతలో అది సులువు. ఒకటిన్నర అంగుళం మందం ఉన్న బిళ్ళ మధ్యలోకి వెళ్ళాలంటే నెలలు పడుతుంది. ఇటుక పొడి కలిపితే కొంత త్వరపడుతుంది గానీ, రోజూ తడిసే, రోజూ తొక్కే చోట సిమెంటు బిళ్ళతో పోటీ పడలేదు. ఇక కట్టెల పొయ్యి మీద పెంకులు కాల్చే ప్రయత్నం అసలు చేయకూడదు. వేడి సమంగా అందక సగం కాలిన ముక్కలు తయారవుతాయి. పైన కార్బనేట్, లోపల పొడిసున్నం, లేదా అటుది ఇటు. అలాంటి ముక్క బిళ్ళలో పడితే వారాల తర్వాత ఎప్పుడో తేమ తగిలి ఉబ్బుతుంది. ఉబ్బిన చోట పైపొర గుండ్రంగా పెచ్చులేచి, గుంత మధ్యలో తెల్లటి చుక్క కనిపిస్తుంది. హోటళ్ళ నుంచి తెచ్చిన గుల్లల్లో నిప్పుల మీద మాడిన నల్లటి ముక్కలుంటే ఏరిపారేయమనేది ఇందుకే.

కాబట్టి ఇక్కడి నుంచి చెప్పేదంతా పచ్చి పెంకును సిమెంటు బిళ్ళలో వాడే పద్ధతి గురించి. సిమెంటులో పదో వంతు వరకు తీసి ఆ స్థానంలో మెత్తటి పెంకు పొడి వేయొచ్చు. ఆ పొడి సిమెంటు రేణువుల మధ్య ఖాళీల్లో చేరి, సిమెంటు, ఇసుక, నీళ్ళు కలిపిన ముద్ద అయిన మాల్‌ను చిక్కగా చేస్తుంది. సిమెంటు గట్టిపడేటప్పుడు పుట్టే స్ఫటికాలు పట్టుకుని పెరగడానికి ఆ రేణువులు చోటిస్తాయి. ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) కలిసిన పీపీసీ సిమెంటులో అల్యూమినా ఉంటుంది కనుక కార్బనేట్ దానితో కొద్దిగా చర్య కూడా జరుపుతుంది. ఈ లాభాలన్నీ కలిసి ఆ పదో వంతు లోటును చాలావరకు పూడుస్తాయి. అది దాటితే పూడ్చేది ఏమీ ఉండదు. వేసినకొద్దీ బలం పడిపోతుంది. 20 శాతం, 30 శాతం సిమెంటు తీసేశామని చెప్పే కొలతలు ఎక్కడ కనిపించినా పక్కన పెట్టేయండి.

పర్యావరణం లెక్క కూడా ఇక్కడే తేల్చుకోవాలి. కిలో మామూలు సిమెంటు తయారీకి సుమారు 800 నుంచి 900 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. మనం ఆదా చేసేది పదో వంతు సిమెంటే. దీనితో భూమి చల్లబడదు. కానీ కంకర కోసం కొట్టే రాయి కొంత తగ్గుతుంది, కుళ్ళి వాసన వచ్చే చెత్త డంపింగ్ యార్డుకు పోకుండా ఆగుతుంది. ఈ రెండూ నిజమైన లాభాలే, వాటిని పెంచి చెప్పాల్సిన పని లేదు.

గుడ్డు పెంకు: లోపలి పొర పోవాలి

గుడ్డు పెంకు లోపలివైపు అంటుకుని పలచటి పొర ఉంటుంది. అది మాంసకృత్తి. సిమెంటులో అది చేసే చేటు మూడు రకాలు: సిమెంటు బిగుసుకోవడాన్ని (సెట్టింగ్) ఆలస్యం చేస్తుంది, కలిపేటప్పుడు నురగ పట్టి బుడగలు నింపుతుంది, తడిసినప్పుడల్లా వాసన వచ్చి బూజు పడుతుంది. పెంకు పొడితో పోసిన బిళ్ళలు పాడయ్యాయంటే సగం సార్లు కారణం ఈ పొరే.

పెంకులు తెచ్చిన రోజే కడగాలి. మర్నాటికి సొన ఎండి అట్టకట్టేస్తుంది. కడిగిన పెంకుల్ని పెద్ద గిన్నెలో వేసి 20 నిమిషాలు మరగనిస్తే పొర వదులవుతుంది, సాల్మొనెల్లా లాంటి క్రిములూ చస్తాయి. దించి, చల్లనీళ్ళు పోసి, చేత్తో నలుపుతూ తిప్పితే పెంకు అడుక్కి చేరుతుంది, ఊడిన పొరలు నీళ్ళలో తేలాడతాయి. వంచి పారబోయాలి. ఇలా మూడు నాలుగుసార్లు. అంతా పోనక్కర్లేదు, ముప్పాతిక పోతే చాలు. మిగిలింది జల్లెడ చూసుకుంటుంది. బట్టల బ్లీచ్‌లో నానబెట్టి పొరను కరిగించే పద్ధతీ ఉంది గానీ ఆ క్లోరిన్ వాసన ఇంట్లో భరించలేం. అలా చేసేవాళ్ళు పొరపాటున కూడా దాంట్లో బాత్‌రూమ్ యాసిడ్ కలపకూడదు, విషవాయువు వస్తుంది.

తర్వాత మిద్దె మీద పల్చగా పరిచి ఎండబెట్టాలి. ఎండాకాలం తిరుపతిలో రెండు రోజులు చాలు. వేళ్ళ మధ్య నొక్కితే టక్కున విరగాలి. వంగి, పొరతో వేలాడితే ఇంకా ఎండాలి. వంటకు ఇక వాడని పాత మిక్సీ జారులో కొద్దికొద్దిగా వేసి తిప్పండి. మిగిలిన పొర దూదిపింజల్లా విడిపోయి పైకొస్తుంది. పిండి జల్లెడ పట్టి, తర్వాత పల్చటి నూలుగుడ్డలో వడగడితే పింజలన్నీ పైన మిగులుతాయి. చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య రుద్దినప్పుడు గరగర తగలకూడదు. గరుకుగా ఉంటే అది ఇసుక కిందే పనిచేస్తుంది తప్ప పైన చెప్పిన లాభాలేవీ రావు.

పొడి శుభ్రంగా ఉందో లేదో చూడటానికి ఒక సులువైన పద్ధతి ఉంది. చిన్న సీసాలో రెండు చెంచాల పొడి, కొంచెం నీళ్ళు వేసి మూత బిగించి రెండు రోజులు ఉంచండి. మూత తీయగానే కుళ్ళిన వాసన కొడితే పొర ఇంకా ఉందన్నమాట.

ఒక గుడ్డు పెంకు ఆరితే సుమారు 5.5 నుంచి 6 గ్రాములు తూగుతుంది. కడగడంలో, జల్లెడలో పోయేది కలుపుకుంటే కిలో పొడికి సుమారు 200 గుడ్లు, అంటే 30 గుడ్ల ట్రేలు ఏడు కావాలి. ఇంట్లో వాడే గుడ్లతో ఇది తెమిలే పని కాదు, బేకరీతో మాట్లాడుకోవాల్సిందే.

గుల్లలు: ఉప్పు, ఆకారం

గుల్లకు రెండు దోషాలు. మొదటిది ఉప్పు. మంచినీళ్ళలో ఒక పూట నానబెట్టి, నీళ్ళు మార్చి, మళ్ళీ నానబెట్టాలి. ఇలా కనీసం మూడుసార్లు. ఆగే వీలుంటే ఇంకా మంచిది: అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య రుతుపవనాల వానల్లో నీళ్ళు నిలవని చోట కుప్ప పోసి వదిలేస్తే వానే కడిగిపెడుతుంది. ఉప్పు పోయిందా అని తెలుసుకోవాలంటే చివరి కడుగునీళ్ళు ఒక గరిటెడు నల్లటి ఇనుప పెనం మీద పోసి ఇగరబెట్టండి. పక్కనే కొళాయి నీళ్ళు కూడా అంతే పోసి ఇగరబెట్టండి. మన బోరు నీళ్ళకు ఎలాగూ తెల్లటి మచ్చ పడుతుంది, కాబట్టి రెండు మచ్చల్ని పోల్చి చూడాలి. గుల్లల నీటి మచ్చ మందంగా ఉంటే ఇంకోసారి కడగాలి.

రెండో దోషం ఆకారం. గుల్ల ముక్క పల్చగా, బిళ్ళలా ఉంటుంది. మాల్‌లో వేసి తట్టినప్పుడు అది పడుకుంటుంది. పడుకున్న ముక్క కింద నీరు చేరి, ఆ నీరు ఆరాక ఖాళీ మిగులుతుంది. పైగా లోపలివైపు నునుపుగా ఉంటుంది కాబట్టి సిమెంటు పట్టు తక్కువ. పెద్ద పెద్ద గుల్లలు పైకి కనిపించేలా అతికించిన బిళ్ళల నుంచి అవి ఊడి రావడానికి కారణం ఇదే. గోనెసంచిలో వేసి సుత్తితో చితక్కొట్టి, 6 మి.మీ. జల్లెడలో దిగినదాన్ని తీసుకుని, 2 మి.మీ. జల్లెడ మీద నిలిచింది మాత్రమే రవ్వగా వాడాలి. కింద దిగిన పిండిని ఇసుకలో కలిపేయొచ్చు. లోపలి మాల్ వరకు చూస్తే, మొత్తం ఇసుక, కంకర బరువులో గుల్ల రవ్వ ఐదో వంతు దాటనీయకపోతే ఏ చిక్కూ రాదు.

మనం తోటలో చెప్పులు లేకుండా తిరుగుతాం. అప్పుడే పగలగొట్టిన గుల్ల అంచు గాజుపెంకులా కోస్తుంది. పైకి కనిపించే పొరలో వాడే రవ్వను కాంక్రీటు మిక్సర్లో గానీ, గట్టి మూత ఉన్న డ్రమ్ములో గానీ కొంచెం నీళ్ళు, గుప్పెడు 20 ఎం.ఎం. కంకర వేసి అరగంట తిప్పితే అంచులు మొద్దుబారుతాయి. ఈ పని ఎగ్గొట్టాలనుకుంటే గుల్ల రవ్వను లోపలి మాల్‌కే పరిమితం చేయండి.

కొబ్బరి చిప్ప

దీని గురించి చెప్పాల్సింది తక్కువ. ఇది రాయి కాదు, చెక్క జాతి. దాదాపు తన బరువులో పావు వంతు నీరు తాగుతుంది, కాబట్టి పొడిగా వేస్తే మాల్‌లోని నీళ్ళన్నీ లాగేసుకుంటుంది. పీచు, కొబ్బరి పూర్తిగా గీకేసి, 10 మి.మీ. లోపు ముక్కలు చేసి, ఒక రోజంతా నానబెట్టి, పైతడి తుడిచి వాడాలి. బిళ్ళ తేలికవుతుంది, బలమూ తగ్గుతుంది. పాదుల చుట్టూ నిలబెట్టే అంచు బిళ్ళలకు, గోడకు అతికించే వాటికి బాగుంటుంది. అడుగు వేసే బాటకు వద్దు. ముక్క బయటికి కనిపించేలా అస్సలు వదలకూడదు. తడిసి ఉబ్బుతూ, ఎండి ముడుచుకుంటూ చుట్టూ ఉన్న సిమెంటును పగలగొడుతుంది. వేరుశనగ పొట్టు కూడా వేస్తామని కొందరు అడుగుతుంటారు. దానిలోని చక్కెరలు సిమెంటు సెట్టింగును చెడగొడతాయి. అది ఎరువుల గుంతకే మంచిది.

కొలత

అడుగు పొడవు, అడుగు వెడల్పు, ఒకటిన్నర అంగుళం మందం (30×30×4 సెం.మీ.) బిళ్ళలు ఆరింటికి:

సిమెంటు 10 కిలోలు
గుడ్డు పెంకు పొడి 1 కిలో
కడిగిన ఇసుక లేదా ఎం-శాండ్ (రాయిని పొడిచేసి తీసిన ఇసుక) 18 కిలోలు
6 ఎం.ఎం. గ్రానైట్ చిప్స్ 8 కిలోలు
గుల్ల రవ్వ 6 కిలోలు
నీళ్ళు 4.5 లీటర్ల దాకా

ఒక్కో బిళ్ళ 8 కిలోలకు కాస్త అటూఇటూగా తూగుతుంది. 50 కిలోల సిమెంటు బస్తాకు 30 బిళ్ళలు వస్తాయి. బరువుతోనే కొలవండి. తట్టల లెక్కన కొలిస్తే తడి ఇసుక ఉబ్బి మోసం చేస్తుంది. కుప్పం, చిత్తూరు వైపు గ్రానైట్ పనులు ఎక్కువ కాబట్టి క్రషర్ డస్ట్ (రాయి కొట్టేటప్పుడు వచ్చే పొడి) సులువుగా దొరుకుతుంది. ఇసుకకు బదులు అదే వాడేవాళ్ళు మెత్తటి దుమ్మును జల్లెడ పట్టి తీసేయాలి, లేకపోతే నీళ్ళు ఎక్కువ అడుగుతుంది. గ్రానైట్ దుమ్ములో సిలికా ఉంటుంది. ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి. పెంకు పొడికైనా, దీనికైనా ముక్కుకు గుడ్డ కట్టుకుంటే చాలదు, ఎన్95 మాస్క్ పెట్టుకోవాలి. చేతులకు రబ్బరు గ్లోవ్స్ తప్పనిసరి.

ముందు సిమెంటు, పెంకు పొడి రెండే కలపండి, రంగు ఒకేలా వచ్చేదాకా. తర్వాత ఇసుక, చిప్స్, తడిగుడ్డతో తుడిచినంత తేమ ఉన్న గుల్ల రవ్వ. నీళ్ళలో నాలుగు లీటర్లు పోసి బాగా కలిపాక మిగతాది గ్లాసుతో కొంచెం కొంచెం. పిడికిట పట్టి నొక్కితే ఉండ నిలవాలి, చేతికి తడి అంటాలి, వేళ్ళ సందుల్లోంచి నీరు కారకూడదు. అందరూ తప్పుచేసేది ఇక్కడే. మాల్ బిగువుగా ఉందని, తాపీ జారడం లేదని ఇంకో లీటరు పోసేస్తారు. సిమెంటుకు అక్కర్లేని ఆ నీరు తర్వాత ఆవిరైపోయి సన్నటి రంధ్రాలు మిగులుస్తుంది. వాటిలోంచే వాన నీరు లోపలికి పోతుంది. సులువుగా జారాలంటే నీళ్ళు పెంచకుండానే ఆ పని చేసే ప్లాస్టిసైజర్ ద్రవం కలపండి. డబ్బా మీద బస్తాకు 200 మి.లీ. అని ఉంటే 10 కిలోలకు 40 మి.లీ.

అచ్చులకు 12 ఎం.ఎం. ఫిల్మ్ ప్లైవుడ్ (నున్నటి పూత ఉన్నది) గానీ, బజార్లో దొరికే ప్లాస్టిక్ అచ్చులు గానీ వాడొచ్చు. లోపల వంటనూనె గుడ్డతో పల్చగా రుద్దాలి. కాలిపోయిన ఇంజిన్ ఆయిల్ వాడితే మరక పోదు. మాల్‌ను రెండు విడతలుగా నింపి, ప్రతి విడతకూ అచ్చును ఒక పక్క అంగుళం ఎత్తి వదులుతూ రెండు నిమిషాలు తట్టాలి. పైకొచ్చే బుడగలు ఆగగానే ఆపేయండి. అతిగా తడితే గుల్లలన్నీ పడుకుంటాయి, కొబ్బరి చిప్ప ముక్కలైతే పైకి తేలతాయి.

పైన గుల్ల రవ్వ మెరవాలనుకునేవాళ్ళు అడుగు మాల్ ఆరో వంతు తగ్గించి, అది పచ్చిగా ఉండగానే (అరగంట లోపు) పైపొర వేయాలి. ఆరు బిళ్ళల పైపొరకు వైట్ సిమెంట్ 2 కిలోలు, పెంకు పొడి 200 గ్రాములు, అంచులు అరగదీసిన గుల్ల రవ్వ నాలుగు కిలోలు, నీళ్ళు ఒక లీటరుకు కాస్త తక్కువ. బొటనవేలితో నొక్కితే గుంట పడక, గోటితో గీస్తే గీత పడే దశ వచ్చాక తడి స్పాంజితో, మెత్తటి బ్రష్షుతో పైన పేరుకున్న సిమెంటు పాలు తుడిచేయాలి. ఎండాకాలంలో అది నాలుగు గంటలకే రావచ్చు, చలికాలంలో ఎనిమిది పట్టొచ్చు. మెషీన్‌తో పాలిష్ పట్టిస్తే ఇంకా అందంగా ఉంటుంది, కానీ తడిసిన తోటలో కాలు జారుతుంది. బాటకు కడిగిన పైపొరే మేలు.

ఎండ, నీళ్ళు

మే నెలలో తిరుపతిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో పోసిన బిళ్ళ పైభాగం సెట్ అయ్యేలోపే నీరంతా కోల్పోయి, సాలెగూడులా సన్నటి నెర్రెలు పడుతుంది. సాయంత్రం పూట, నీడలో పోయండి. అచ్చులు, కంకర ముందు నుంచే నీడలో ఉండాలి. మాల్‌ను అరగంటలో వాడేయాలి. బిగుసుకుపోతుంటే నీళ్ళు కలిపి మళ్ళీ కదిలించడం పనికిరాదు. పోయగానే ప్లాస్టిక్ పట్టా కప్పండి.

ఒక రోజు తర్వాత అచ్చు విప్పాలి. కొట్లలో ఎక్కువగా దొరికే పీపీసీ అయితే ఒకటిన్నర రోజు ఆగాలి, వానల్లో రెండు రోజులు. తర్వాత నీళ్ళ తొట్టిలో ముంచి ఉంచడం అన్నిటికన్నా మంచి క్యూరింగ్ (గట్టిపడేదాకా తడిగా ఉంచడం): మామూలు సిమెంటుకు 7 రోజులు, పీపీసీకి 14. తొట్టి లేకపోతే తడి గోనెసంచులు కప్పాలి, కానీ అవి ఎండకుండా రోజుకు నాలుగుసార్లు తడిపే ఓపిక ఉండాలి. ఒక పూట ఎండి ఒక పూట తడిసే క్యూరింగ్ కంటే వరసగా వారం తడి నయం. ఆ తొట్టి నీళ్ళు బాగా క్షారంగా మారతాయి, మొక్కలకు పోయకండి. నూరువరహాల లాంటి ఆమ్ల నేల కోరే మొక్కలకైతే ఆకులు పసుపు తిరుగుతాయి. బిళ్ళల్ని కూడా 28 రోజులు నిండాకే తోటలో పరచాలి.

పరిచే ముందు ఒకటి పరీక్షించుకోండి. బాగా ఎండబెట్టి తూచి, 24 గంటలు నీళ్ళలో ముంచి, తుడిచి మళ్ళీ తూచాలి. సిమెంటు ఫ్లోరింగ్ టైల్స్‌కి ఉన్న ఐఎస్ 1237 అనే భారతీయ ప్రమాణం ప్రకారం పీల్చిన నీరు పదో వంతుకు మించకూడదు. ఎండిన బిళ్ళ 7,500 గ్రాములుంటే నానాక 8,250 దాటకూడదు. దాటిందంటే నీళ్ళు ఎక్కువ పోశారు, లేదా తట్టడం చాలలేదు. తర్వాత దాన్నే రెండు ఇటుకల మీద చివర్లు ఆనించి మధ్యలో ఒక మనిషి నిలబడాలి. ఈ మాత్రం బరువుకు విరిగే బిళ్ళ తోటకు తగదు.

తెల్లటి పొడి, యాసిడ్ అలవాటు

కొత్త బిళ్ళ మీద మొదటి వానల తర్వాత తెల్లటి పొర కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. సిమెంటులోని సున్నం నీటితో పైకొచ్చి ఆరిపోతే అలా అవుతుంది. పొడి బ్రష్షుతో రుద్దుతూ వస్తే కొన్నాళ్ళకు తగ్గుతుంది. ప్రతి వానకూ మళ్ళీ మళ్ళీ అంతే వస్తుంటే, చేతికి తగిలి ఉప్పగా ఉంటే, గుల్లలు సరిగా కడగలేదని అర్థం. అప్పుడు బిళ్ళల్ని ఎత్తి మంచినీళ్ళలో రెండు మూడు రోజులు నానబెట్టి నీళ్ళు మార్చడం తప్ప దారి లేదు. ఉప్పు ఉంటుంది కాబట్టే ఈ బిళ్ళల్లో ఇనుప తీగ, మెష్ వేయొద్దనేది. తుప్పు పట్టిన తీగ ఉబ్బి లోపలి నుంచి పగలగొడుతుంది.

మన ఇళ్ళలో టైల్స్ మీద మచ్చ కనిపిస్తే చెయ్యి ముందు యాసిడ్ సీసా మీదికి పోతుంది. పెంకు, గుల్ల ఉన్న బిళ్ళ మీద యాసిడ్ పోస్తే బుసబుస నురగ వస్తుంది. ఆ నురగంతా మీరు కష్టపడి తెచ్చిన గుల్ల కరిగిపోతూ వదిలే కార్బన్ డయాక్సైడే. నురగ తగ్గాక చూస్తే గుల్ల ఉన్న చోట గుంతలుంటాయి. నిమ్మరసం, చింతపండు పులుసు, వెనిగర్ కూడా తక్కువ వేగంతో ఇదే పని చేస్తాయి. చింత, నిమ్మ చెట్ల కింద పండ్లు రాలే చోట పైపొర గుల్ల లేని మామూలు బిళ్ళలు వేసుకోవడం నయం. నాచుకు గట్టి కొబ్బరి పీచు బ్రష్షు, నీళ్ళు చాలు.

బిళ్ళ ఎంత బాగున్నా పరుపు సరిగా లేకపోతే మూలలు విరుగుతాయి. నాలుగున్నర అంగుళాలు తవ్వి, అడుగు మట్టిని తడిపి దిమ్మిసతో గట్టిగా కొట్టాలి. దాని మీద రెండు అంగుళాల క్రషర్ డస్ట్ వేసి మళ్ళీ కొట్టి, పైన అంగుళం ఇసుక పరిచి సమం చేయాలి. బిళ్ళల మధ్య సెంటీమీటరు సందు వదిలి ఇసుక నింపండి, నీరు దిగడానికి. ప్రతి మీటరుకు రెండు సెంటీమీటర్ల వాలు ఇల్లు ఉన్న వైపు కాకుండా పాదుల వైపు ఉండాలి. నవంబరు వానలకు బాట మీద నీళ్ళు నిలవకుండా చూసుకోవడానికి ఇంతకంటే చవకైన మార్గం లేదు. ఎర్రనేలలో ఈ పరుపు చాలు. నల్లరేగడి ఉన్న చోట ఎండాకాలం నేల బీటలిచ్చి వానకు ఉబ్బుతుంది కాబట్టి ఇంకో నాలుగు అంగుళాలు లోతుగా తవ్వి ఆ మేర గ్రావెల్ నింపాకే పైన చెప్పిన వరసలు వేయాలి.